మత్తు దిగిన మూడో రోజు

2015 సెప్టెంబరులో నిజామాబాద్‌, మహబూబ్‌నగర్‌ జిల్లాల ప్రభుత్వాస్పత్రులకు ఉన్నట్టుండి రోగుల తాకిడి పెరిగింది. చేతులు వణికేవాళ్లు, ఒళ్లంతా చెమటలు పట్టినవాళ్లు, రాత్రుళ్లు కునుకు లేనివాళ్లు. కొందరికి ఫిట్స్‌. కొందరు తామేం మాట్లాడుతున్నారో తమకే తెలియని స్థితిలో ఇంటివాళ్ల మీద తిరగబడ్డారు. ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. అందరూ ఏళ్ల తరబడి కల్లు తాగుతున్నవాళ్లే. కల్తీ కల్లు మీద సర్కారు దాడులు ముమ్మరం చేసిన రోజులవి. కొన్నిచోట్ల దుకాణాలు మూతపడ్డాయి, కొన్నిచోట్ల కల్లులో మత్తుమందు కలపడం ఆపేశారు. అలవాటైన కల్లు అందక వీళ్లంతా మంచం పట్టారు.

2020 మార్చిలో లాక్‌డౌన్‌ పెట్టినప్పుడూ ఇదే జరిగింది. మద్యం దుకాణాలు, కల్లు కాంపౌండ్లు మూసిన కొద్దిరోజులకే హైదరాబాద్‌ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం ఓపీ ముందు జనం బారులు తీరారు. అవే వణుకులు, అవే భ్రమలు.

తాటిచెట్టు పాలు మనిషిని ఇంత పని చేస్తాయా? చేయవు. గీత కార్మికుడు మోకు బిగించి చెట్టెక్కి, గెల గీసి కట్టిన లొట్టిలో రాత్రంతా చుక్కచుక్కగా పడేది తియ్యటి నీళ్లే. లొట్టి లోపల సున్నం పూస్తే అది పులవకుండా నీరాగా ఉంటుంది. పూయకపోతే గాలిలోని ఈస్టు, బాక్టీరియా అందులోని చక్కెరను ఆల్కహాలుగా మారుస్తాయి. పొద్దున దించిన కల్లు మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, సాయంత్రానికి పుల్లబడుతుంది. అప్పటికీ అందులో ఉండే ఆల్కహాలు నూటికి నాలుగైదు పాళ్లు, దాదాపు బీరంత. దాన్ని మానేసినందుకు ఊరికి ఊరే ఆస్పత్రికి కదలదు.

చెట్లు తక్కువ, సీసాలు ఎక్కువ

కల్లు నిలవ ఉండదు. తాటిచెట్టు ఎండాకాలంలో, ఈతచెట్టు చలికాలంలో బాగా పారుతుంది. తాగేవాళ్లకు మాత్రం కాలంతో పనిలేదు. వరినాట్లకు వెళ్లొచ్చిన ఆడకూలీ నుంచి నగరంలో తాపీపని చేసుకునే మేస్త్రీ వరకు సాయంత్రానికి ఒళ్లునొప్పులు మరిపించే చౌక సరుకు అది. హైదరాబాద్‌ చుట్టుపక్కల చెట్లు ఎన్ని, రోజూ ఖాళీ అయ్యే సీసాలెన్ని అని లెక్క వేసినవారికి అనుమానం రాక మానదు. నగరంలో 2004లో మూతబడిన కల్లు దుకాణాలు తెలంగాణ వచ్చాక 2014లో తిరిగి తెరుచుకున్నాయి. చెట్లు మాత్రం ఆ వేగంతో పెరగవు.

ఆ తేడాను నీళ్లు, శాకరిన్‌, మత్తుమందు పూడుస్తున్నాయి. మొదట్లో ఎక్కువగా వినిపించిన పేరు క్లోరల్‌ హైడ్రేట్‌. జర్మన్‌ శాస్త్రవేత్త లీబిగ్‌ 1832లో దీన్ని తయారుచేశాడు. 1869లో మరో జర్మన్‌ వైద్యుడు లీబ్రైష్‌ నిద్రమందుగా వాడుకలోకి తెచ్చాడు. తరవాత డయజెపామ్‌ వచ్చింది, ఊళ్లలో దీన్నే డైజోఫాం అంటారు. ఇప్పుడు పట్టుబడే సరుకులో ముందుండేది అల్ప్రాజోలం. డాక్టర్లు ఆందోళనకు, పానిక్‌ జబ్బుకు రాసే మాత్ర ఇది.

కాస్త లెక్క చూడాలి. అల్ప్రాజోలం మాత్ర పావు మిల్లీగ్రాము నుంచి మొదలవుతుంది. అంటే ఒక్క గ్రాము పొడి నాలుగు వేల మాత్రలకు సమానం. కిలో అంటే నలభై లక్షల మాత్రలు. దుకాణం వెనక గదిలో, డ్రమ్ములో పోసిన నీళ్లలో ఈ పొడిని కట్టెతో కలిపే మనిషి దగ్గర మిల్లీగ్రాములు తూచే తక్కెడ ఉండదు. పొడి నీళ్లలో సరిగ్గా కరగదు కూడా. పైన ముంచిన సీసాలో ఎంత వచ్చిందో, అడుగున ముంచిన సీసాలో ఎంత వచ్చిందో చెప్పగలిగేవాళ్లు లేరు. నిన్న రెండు సీసాలు తాగి నడిచి ఇంటికెళ్లిన మనిషి ఇవాళ అవే రెండు సీసాలకు దారిలో పడిపోతే ఆశ్చర్యం లేదు.

నాడీకణం గుమ్మం దగ్గర

మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లున్నాయి. అవన్నీ ఒకేసారి మోగకుండా అదుపులో పెట్టే ప్రధాన రసాయనం గాబా. మెదడులో ఇది ఉందని 1950లో అమెరికా శాస్త్రవేత్త యూజీన్‌ రాబర్ట్స్‌ వెల్లడించాడు. న్యూరాన్‌ పొర మీద అయిదు ప్రొటీన్‌ ముక్కలు గుండ్రంగా కూడి, మధ్యలో సన్నని దారి వదిలి నిలబడతాయి. గాబా వచ్చి వాటికి అంటుకోగానే ఆ దారి తెరుచుకుని క్లోరైడ్‌ అయాన్లు లోపలికి పోతాయి. కణం లోపల రుణావేశం పెరిగి, అది సంకేతం పంపే జోరు తగ్గుతుంది. క్షణంలో వెయ్యోవంతుల్లో జరిగిపోయే పని ఇది. మనం కదలకుండా కూర్చోగలిగినా, రాత్రి నిద్రపోగలిగినా దీని చలవే.

ఆ అయిదు ముక్కల్లో రెండింటి సందున మరో చిన్న చోటు ఉంది. డయజెపామ్‌, అల్ప్రాజోలం కూర్చునేది అక్కడే. వీటి కుటుంబాన్ని బెంజోడయజెపైన్లంటారు. లియో స్టెర్న్‌బాక్‌ అనే రసాయన శాస్త్రవేత్త రోష్‌ కంపెనీలో వీటిలో మొదటిదాన్ని తయారుచేశాడు. 1960లో అది లిబ్రియంగా, 1963లో డయజెపామ్‌ వేలియంగా మార్కెట్లోకి వచ్చాయి. ఇవి మెదడులో సరిగ్గా ఎక్కడ పనిచేస్తాయో తేలింది మాత్రం 1977లో, డెన్మార్క్‌లో ఒక జట్టు, స్విట్జర్లాండ్‌లో మరో జట్టు వేర్వేరుగా ఆ చోటును పట్టుకున్నప్పుడు. అప్పటికే కోట్లాది మంది ఆ మాత్రలు మింగేశారు.

బెంజోడయజెపైన్‌ తనంతట తాను దారి తెరవదు. గాబా తెరిచే దారిని ఇంకా తరచుగా తెరిపిస్తుంది, అంతే. అందుకే ఈ మాత్ర ఒక్కటే ఎక్కువ మింగినవాళ్లు చాలాసార్లు నిద్రపోయి లేస్తారు. మద్యం తోడైతే కథ మారుతుంది. ఆల్కహాలు కూడా ఇదే ప్రొటీన్ల మీద, మరోచోట పట్టు పట్టి పనిచేస్తుంది. క్లోరల్‌ హైడ్రేట్‌ కాలేయంలో ట్రైక్లోరోఇథనాల్‌గా మారి అక్కడికే చేరుతుంది. పైగా ఆల్కహాలూ, క్లోరల్‌ హైడ్రేటూ శరీరంలో ఒకదాని అరుగుదలను మరొకటి అడ్డుకుంటాయి కాబట్టి వాటి మత్తు ఎక్కువసేపు నిలుస్తుంది. కల్తీ కల్లు సీసాలో మనిషి గొంతు దిగేది ఈ కలయిక.

గాబా మెదడంతా పరచుకుని ఉంటుంది కనుక మత్తు ఏ ఒక్క మూలకో పరిమితం కాదు. భయాన్ని పసిగట్టే అమిగ్డలా నెమ్మదిస్తుంది, తాగినవాడికి గుండె బరువు దిగినట్టుంటుంది. కొత్త జ్ఞాపకాల్ని భద్రపరిచే హిప్పోకాంపస్‌ మందగిస్తుంది, రాత్రి ఏం జరిగిందో తెల్లారి గుర్తుండదు. చిన్నమెదడు పట్టు తప్పి నడక తూలుతుంది, మాట ముద్దవుతుంది. మోతాదు ఇంకా పెరిగితే మెదడు కాండంలో ఊపిరిని నడిపే కేంద్రం బలహీనపడుతుంది. గొంతు కండరాలు వదులై, వాంతి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. నిద్రలో పోయాడని ఇంట్లోవాళ్లు చెప్పే చావుల్లో ఇదొక దారి.

మెదడుతో ఆగదు. క్లోరల్‌ హైడ్రేట్‌ కడుపు పొరను రేపుతుంది, ఎక్కువైతే గుండె లయను తప్పిస్తుంది. ముసలివాళ్లు తూలిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు. గర్భిణి తాగితే మందు మావిని దాటుతుంది. పుట్టిన బిడ్డ ఒళ్లు వాలిపోయి పాలు తాగలేకపోవచ్చు, లేదా ఆ పసికందుకే వణుకు మొదలుకావచ్చు.

కిడ్నీల సంగతి 2025 జులైలో హైదరాబాద్‌ నగరమంతా చూసింది. కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగిన పలువురు వాంతులు, విరేచనాలతో ఆస్పత్రుల్లో చేరారు. బీపీ పడిపోయింది. కిడ్నీలు దెబ్బతిన్న కొందరికి నిమ్స్‌ ఆస్పత్రిలో డయాలిసిస్‌ చేయాల్సి వచ్చింది. మరణాలు కూడా సంభవించాయి. ఒంట్లో నీరు ఇంకిపోయి రక్తపోటు జారితే కిడ్నీలకు రక్తం అందదు, గంటల్లోనే వడపోత ఆగుతుంది. ఫిట్స్‌ వచ్చినవాళ్లకు మరో ప్రమాదం: కండరాలు చితికి వాటిలోని మయోగ్లోబిన్‌ రక్తంలోకి చేరి కిడ్నీ నాళాలను పూడ్చేస్తుంది.

మెదడు ఎదురు గుంజడం

అసలు ముప్పు రోజూ తాగేవాళ్ల తలలో నిశ్శబ్దంగా తయారవుతుంది. నెమ్మదింపజేసే మందు రోజూ వచ్చి పడుతుంటే మెదడు చేతులు ముడుచుకు కూర్చోదు. గాబా ప్రొటీన్లు మందు మాట వినడం తగ్గిస్తాయి. మరోపక్క కణాల్ని ఉరకలెత్తించే గ్లూటమేట్‌ వ్యవస్థ బలం పుంజుకుంటుంది. తాడు గుంజే ఆటలో ఎదుటిజట్టు బలం కొద్దీ ఇవతలి జట్టు కాళ్లు తన్నిపెట్టి గుంజినట్టే ఇది. ఇవతలివాళ్లు అంత బలంగా గుంజుతున్నప్పుడు అవతలివాళ్లు తాడు వదిలేస్తే ఏమవుతుంది? మందు ఒక్కసారిగా ఆగిన మెదడులో జరిగేది అదే.

అల్ప్రాజోలం రక్తంలో దాదాపు పదకొండు గంటలకు సగమవుతుంది. రాత్రి తాగినదాంట్లో సగం మర్నాడు పొద్దెక్కేసరికి ఉండదు. పొద్దున్నే కల్లు పడితే గాని చెయ్యి నిలవదని చాలామంది చెప్పుకునే మాటకు కారణం ఇదే. మొదటి రోజు చికాకు, చెమటలు, గుండెదడ. రెండో రోజుకు నిద్ర పూర్తిగా పోతుంది. చిన్న చప్పుడు కూడా చెవిలో పొడిచినట్టుంటుంది. రెండు, మూడు రోజుల మధ్య ఫిట్స్‌ రావచ్చు. ఎదురుగా లేనివాళ్లు కనిపించడం, పగలో రాత్రో తెలియకపోవడం కూడా ఆ సమయంలోనే. డయజెపామ్‌ ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది కాబట్టి దాన్ని మానినవాళ్లకు ఇదంతా వారానికి మొదలుకావచ్చు. అప్పటికి మానేసిన సంగతీ, వచ్చిన జబ్బూ ఒకదానికొకటి సంబంధం లేనట్టే కనిపిస్తాయి. గాలి సోకిందని తాయెత్తు కట్టించేది ఈ దశలోనే. నిజానికి ఆ మనిషికి అప్పుడు ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా డాక్టరు కావాలి. హెరాయిన్‌ మానినవాడు నరకం చూస్తాడు కానీ సాధారణంగా బతుకుతాడు. మద్యం, బెంజోడయజెపైన్లు హఠాత్తుగా ఆపితే మాత్రం ప్రాణమే పోవచ్చు. గట్టిగా మనసు పెడితే మానొచ్చని గద్దించే పెద్దమనుషులు ఈ తేడా తెలుసుకోవాలి.

పొడి ఎక్కడి నుంచి

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్‌) కింద అల్ప్రాజోలం వంద గ్రాములకు మించి దొరికితే అది వాణిజ్య పరిమాణం. నేరం రుజువైతే కనీసం పదేళ్ల జైలు. మందుల షాపులో దీన్ని అమ్మాలంటే డాక్టరు చీటీ ఉండాలి. 2014 నుంచి హెచ్‌1 షెడ్యూలు కింద కొన్నవాళ్ల పేరు, రాసిన డాక్టరు వివరాలు విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. కల్లు దుకాణాలకు వెళ్లే పొడి ఈ దారిన రాదు. హైదరాబాద్‌ చుట్టూ మందుల పరిశ్రమ పెరిగింది, రసాయనాలు తెలిసినవాళ్లూ వాడేసిన రియాక్టర్లూ దొరకడం కష్టం కాదు. 2025 సెప్టెంబరులో తెలంగాణ మాదకద్రవ్య నిరోధక విభాగం ఈగల్‌ హైదరాబాద్‌ బోయిన్‌పల్లిలో బయటపెట్టిన అల్ప్రాజోలం తయారీ కేంద్రం ఒక ప్రైవేటు పాఠశాల భవనంలో నడిచింది. ఒకపక్క పిల్లలకు పాఠాలు, అదే కప్పు కింద మరోపక్క రియాక్టర్లు. సరుకు మహబూబ్‌నగర్‌ వైపు కల్లు వ్యాపారులకు వెళ్తోందని అధికారులు చెప్పారు.

ఈ పాపాన్ని గీత కార్మికుడి నెత్తిన రుద్దడం అన్యాయం. చెట్టెక్కి జారిపడి నడుములు విరగ్గొట్టుకునేది అతను. పొడి కొని డ్రమ్ముల్లో కలిపి లాభం తీసుకునేది వేరేవాళ్లు.

దించాల్సింది మెట్టు మెట్టుగా

చికిత్స ఉంది. అల్ప్రాజోలం అలవాటైన మనిషికి ఆస్పత్రిలో అదే కుటుంబానికి చెందిన, ఒంట్లో ఎక్కువసేపు నిలిచే డయజెపామ్‌ ఇచ్చి మెదడును ముందు కుదుటపరుస్తారు. కాలేయం దెబ్బతిన్నవాళ్లకు లోరాజెపామ్‌ వాడతారు. మద్యం కూడా తాగేవాళ్లకు బి1 విటమిన్‌ ఎక్కిస్తారు. అది లేకపోతే మెదడుకు శాశ్వత నష్టం జరగవచ్చు. ఆ తరవాత మోతాదును కొద్దికొద్దిగా కోసుకుంటూ వస్తారు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో హెథర్‌ ఆష్టన్‌ అనే వైద్యురాలు 1982 నుంచి పన్నెండేళ్లు ఇందుకోసమే క్లినిక్‌ నడిపి, ఎంత నెమ్మదిగా దించితే అంత మేలని చూపింది. కల్లు తాగేవాళ్లలో చిక్కేమిటంటే ఎంత మందు ఒంట్లోకి వెళ్లిందో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. అందుకే నాడి, బీపీ, వణుకు చూసుకుంటూ వార్డులో పెట్టి మోతాదు కుదర్చాల్సి వస్తుంది. నిద్ర తిరిగి గాడిన పడటానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. మళ్లీ దుకాణం వైపు కాళ్లు లాగేది ఆ నిద్రలేని రాత్రుళ్లే. ఇంటివాళ్లు ఓపిక పట్టాల్సిన కాలం కూడా అదే.

దేశంలో డాక్టరు చీటీ లేకుండా నిద్రమందులు, మత్తుమందులు వాడేవాళ్లు 1.18 కోట్ల మంది అని 2019లో ప్రచురించిన జాతీయ సర్వే చెప్పింది. కల్లులో తెలియకుండా తాగేవాళ్లను ఏ సర్వే ప్రశ్నా సరిగా పట్టుకోలేదు. తాము మందు వాడుతున్నామని వాళ్లకే తెలియదు కదా.

దాడులు ఆపమని ఎవరూ అనరు, అనకూడదు. కాని ఒక మండలంలో కల్లు దుకాణాలు మూయించేముందు ఎక్సైజ్‌ శాఖ ఆ సంగతి జిల్లా వైద్యాధికారికి చెప్పాలి. ఆ వారంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డయజెపామ్‌, లోరాజెపామ్‌ ఇంజెక్షన్లు నిలవ ఉండాలి. జిల్లా ఆస్పత్రి మానసిక విభాగంలో పడకలు సిద్ధం చేయాలి. రోజూ తాగేవాళ్లు ఎవరో ఊళ్లో ఆశా కార్యకర్తకు తెలుసు. వణుకు, నిద్రలేమి కనిపించిన రోజే, ఫిట్స్‌ దాకా ఆగకుండా పంపమని ఆమెకు చెప్పి ఉంచాలి. మానసిక ఆరోగ్య సలహాకు టెలిమానస్‌ 14416, మత్తు మాన్పించే సలహాకు 14446 ఉచితంగా పలుకుతాయి. ఆ రెండు నంబర్లు కల్లు కాంపౌండ్‌ గోడ మీద, ధరల బోర్డు పక్కనే రాయించడానికి ఒక డబ్బా రంగు చాలు.