మంజీరా ఒడ్డున రూపసాధన

సముద్రతీరమును, అచ్చటి విహంగములను చూచి చిత్రకారులు పరవశించుట లోకమెల్ల ఎరిగినదే. కడలికి బహుదూరమున, దక్కను పీఠభూమిపై నున్న సంగారెడ్డివారు తమకట్టి తీరము లేదని చింతింపబనిలేదు. బాలాఘాట్ కొండలలో పుట్టి, కందకుర్తి వద్ద గోదావరిలో కలిసి, తుదకు బంగాళాఖాతమును చేరు మంజీరా నది, సింగూరు జలాశయమునకు దిగువను తన మడుగులతో, లంకలతో, తుంగపొదలతో ఆ లోటును చక్కగా తీర్చుచున్నది. 1978లో వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడిన ఈ జలభాగము మొసళ్ళకు ప్రసిద్ధమే గాని, రేఖను, వర్ణమును అభ్యసింపగోరువారికి ఇచ్చటి పక్షులే గురువులు.

ఎర్రకాళ్ళ కొంగను ఒకింతసేపు చూడుడు. తెల్లని మేను, రొమ్మున నల్లని పట్టె, తోకదరి ఈకలపై గులాబిరంగు, కొనయందు కొంచెము వంగిన పసుపుపచ్చని ముక్కు: వీనిని పటమున కుదిర్చినంత మాత్రమున కొంగ కాజాలదు. లోతులేని నీట నిలిచి, సగము తెరచిన ముక్కును ముంచి అటునిటు త్రిప్పుచు, కాలితో అడుగుబురదను కదలించి, బెదరిన చేప తగిలిన క్షణముననే ముక్కును తటాలున మూయు ఆ వేటలో దానికి కన్నుకంటె స్పర్శయే ప్రధానము. ఈ మర్మమెరిగినవాని గీతలో మెడవంపు వట్టి సొంపుగా మిగిలిపోక, వేటకై బిగిసిన కండరముగా పరిణమించును. నత్తగొట్టు కొంగ ముక్కు మూసినను నడుమ సందు మిగిలియుండును; మొదట వికారముగా తోచిన ఆ సందే, నత్తలను పట్టి తినుటకు అనువైన నిర్మాణమని తెలిసిన పిమ్మట అందమగును.

ఈ దృష్టి మనకు క్రొత్తది కాదు. సంగారెడ్డికి చేరువనున్న కొండాపురము శాతవాహనుల నాటి నాణెములకు, మట్టిబొమ్మలకు ఆకరము. ఆ వంశపు హాలుడు కూర్చినదని ప్రసిద్ధమైన గాథాసప్తశతిలో తామరాకుపై కదలక నిలిచిన కొంగ యొకటి కలదు. ఆ నిశ్చలత్వమే అచ్చట మనుష్యసంచారము లేదనుటకు సూచన యని, ఆలంకారికుడైన మమ్మటుడు కావ్యప్రకాశమున ఆ గాథను ధ్వనికి, అనగా మాటలలో చెప్పక సూచింపబడు అర్థమునకు, ఉదాహరణగా గ్రహించెను. పక్షి మెదలకుండుటలో ఒక పరిసరమంతయు ఇమిడియున్నదని గుర్తించిన ఆ గాథాకవి, ఏ నీటియొడ్డున ఎంత ఓపికతో నిలిచెనో గదా!

ఐతే నీరు చెడినచో ఈ విద్యయు చెడును. పటాన్‌చెరు కర్మాగారముల వ్యర్థజలములు నక్కవాగునకు చేసిన హాని ఈ ప్రాంతపు రైతులు మరువలేనిది. ఆ వాగు కలియునది మంజీరాలోనే. చేప, నత్త లేనిచోటికి కొంగ రాదు. కొంగ రానిచోట దానిని చూచి గీయు చేతికి పనిలేదు. కావున నీటిని కాపాడుట కళాకారుని బాధ్యతయు నగును. చిత్రలేఖనము నేర్పు ఉపాధ్యాయులు అచ్చుబొమ్మలకు నకళ్ళు వ్రాయించుట మాని, శీతకాలపు ఉదయములందు, అనుమతియున్న మేరకు, విద్యార్థులను ఈ ఒడ్డునకు కొనిపోవలెను. మొసళ్ళున్న నీట దిగక, గూళ్ళదరికి పోక, దూరమునుండియే పక్షి చేయు పనిని కన్నులార చూచి పిమ్మట పెన్సిలు పట్టుట నేర్చిన బాలునికి, ఏ సముద్రతీరమునకు పోయినను ఏమి చూడవలెనో ఒకరు చెప్పనక్కరలేదు.