గాడిదమాంసం: నమ్మకం, నిషేధం

గాడిదమాంసం తింటే నడుమునొప్పి, ఉబ్బసం పోతాయన్న నమ్మకం గుణదల, విజయవాడలతో సహా కృష్ణా డెల్టాలో కొందరికి ఉన్నది. దీనికి వైద్యశాస్త్రంలో ఆధారం లేదు. భారత ఆహారభద్రతా నిబంధనల ప్రకారం గాడిద ఆహారజంతువే కాదు.

అత్యధిక ధర్మవేత్తల దృష్టిలో అడవిగాడిద హలాల్, పెంపుడు గాడిద హరామ్. క్రీ.శ. 628లో ఖైబర్ వద్ద ఆకలిగొన్న సైనికులు, ఉడుకుతున్న ఆ మాంసాన్ని దైవప్రవక్త (స) ఆజ్ఞపై కుండలతో సహా కుమ్మరించివేశారు. ప్రజల బరువులు మోసే జంతువులు తరిగిపోరాదన్నదే కారణమా అని ఇబ్నె అబ్బాస్ (రజి) యోచించారు.

భారతదేశంలో 2012-2019 మధ్య గాడిదలు 61 శాతం తగ్గి, సుమారు 1.2 లక్షలే మిగిలాయి. మోటారు వాహనాలూ ఇందుకు కారణమే. అయినా ఆ యోచన నేటికీ పాతబడలేదు.

ప్రాణాపాయంలో నిషిద్ధానికి సడలింపు ఉన్నది. రుజువులేని మందుకు అది వర్తించదు.