వేడి టీ, చల్లని నీళ్లు.. మధ్యలో ఫిల్లింగ్

మీటరు ఎంత, కిలో ఎంత అని తేల్చే సంస్థలు పంటి సిమెంట్ల గురించి కూడా పరిశోధిస్తాయని చాలామందికి తెలియదు. అమెరికాలో అప్పటి నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ అలాంటిదే. అక్కడి ప్రయోగశాలలో నెల్సన్, వోల్కాట్, పాఫెన్‌బార్గర్ అనే ముగ్గురు పీకేసిన పళ్లతో చేసిన ఒక ప్రయోగం 1952లో అచ్చయింది. ఫిల్లింగ్ ఉన్న పన్నును నీళ్లలో బాగా చల్లబరిచి, బయటికి తీసి, పైన తడి లేకుండా తుడిచి, వేళ్ల మధ్య పట్టుకున్నారు. అంతే. చేతి వేడికి పన్ను కాస్త వెచ్చబడగానే ఫిల్లింగూ పన్నూ కలిసేచోట సన్నటి నీటి బొట్లు ఉబికి వచ్చాయి. చల్లబడ్డప్పుడు అంచులో సందు పడి నీళ్లు లోపలికి పోయాయి. వెచ్చబడ్డప్పుడు ఆ సందు మూసుకుంటూ వాటిని బయటికి నెట్టేసింది. ప్రయోగశాలలో అవి ఉత్త నీళ్లు. నోట్లో అయితే లాలాజలం, దాని వెంట చక్కెర, సూక్ష్మజీవులు.

‘టీ తాగి వెంటనే చల్లనీళ్లు తాగకురా, పళ్లు పాడవుతాయి’ అని ఇళ్లలో పెద్దవాళ్లు గదమాయించడం మనకు కొత్త కాదు. ఆ మాటలో నిజం ఎంతుందో తెలియాలంటే ముందు ఆ నీటి బొట్ల సంగతి తేలాలి.

బండిచక్రానికి ఇనుప పట్టా వేయడం చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పట్టాను మంటలో ఎర్రగా కాల్చి, అది సాగాక కర్రచక్రానికి తొడిగి, పైన నీళ్లు పోస్తారు. ఇనుము ముడుచుకుని చక్రాన్ని బిగబట్టేస్తుంది. పంటిలో వ్యవహారం దీనికి తిరగబడి ఉంటుంది. ఎక్కువ ముడుచుకునే సరుకు లోపల ఉంది, పన్ను దాని చుట్టూ ఉంది. చల్లబడితే లోపలిది గోడల్ని వదిలి వెనక్కి జరుగుతుంది.

ఎంత జరుగుతుంది? పంటి పైపొర ఎనామిల్ ఒక్క డిగ్రీ వేడికి తన పొడవులో పది లక్షల భాగాలకు సుమారు 11 భాగాలు సాగుతుంది. దాని కింది డెంటిన్ 8 భాగాలు. మనవాళ్లు వెండి సిమెంట్ అనే అమాల్గం మాత్రం 25 దాకా పోతుంది. పంటి రంగులో ఉండే కాంపోజిట్ రకాన్ని బట్టి 25 నుంచి 50 వరకూ సాగుతుంది. ఇప్పుడు దవడ పంటిలో 4 మిల్లీమీటర్ల వెడల్పు గుంతను అమాల్గంతో నింపారనుకుందాం. నోటి వేడి 35 డిగ్రీలు, ఐసు ముక్క తగిలి అది 5కు పడిపోయింది. 30 డిగ్రీల తేడాకు అమాల్గం 3 మైక్రాన్లు కుంచించుకుంటుంది, పన్ను ఒకటిన్నరకు కాస్త తక్కువ. మిగిలిన సందు ఒకటిన్నర మైక్రాన్ల పైమాటే. మన తలవెంట్రుక మందంలో ఇది నలభయ్యో వంతు కూడా ఉండదు. కానీ పళ్లను పుచ్చబెట్టే స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్ సైజు ఒక మైక్రాన్ లోపే. దానికి ఇది రాజమార్గం.

కాగితం మీద ఇంత లెక్క వేశాక ఒక మాట ఒప్పుకోవాలి. నోట్లో ఐసు ముక్కను ఎవరూ అరగంట ఉంచుకోరు. గుక్క నీళ్లు క్షణాల్లో గొంతు దిగిపోతాయి, లాలాజలం, నాలుక పన్నును మళ్లీ మామూలు వేడికి తెచ్చేస్తాయి. చల్లదనం ఫిల్లింగ్ అడుగుదాకా దిగేలోపే పైన మళ్లీ వెచ్చబడుతుంది. కాబట్టి పై లెక్క నిజంగా జరిగేదానికి గరిష్ఠ హద్దు అనుకోవాలి. అయితే నోట్లో వేడి, చలి హద్దులు తక్కువేం కాదు. వేడి, చల్లని పానీయాలు తాగించి పంటి మీద వేడిని కొలిచిన ఒక అధ్యయనం 1992లో వెలువడింది. కింద 0, పైన 67 డిగ్రీలు దాని అంచులు.

ప్రయోగశాలల్లో కొత్త సిమెంట్లకు పెట్టే పరీక్షకు మూలం నోట్లోని ఈ వేడి, చలి మార్పులే. ఫిల్లింగ్ వేసిన పన్నును 5 డిగ్రీల నీళ్లలో ముంచుతారు, తీసి 55 డిగ్రీల నీళ్లలో ముంచుతారు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ సూచన ప్రకారం ఇలా 500 సార్లు. గేల్, డార్వెల్ అనే పరిశోధకులు 1999లో పాత అధ్యయనాలన్నీ తిరగేసి, మనిషి నోట్లో ఏడాది వాడకానికి దాదాపు 10,000 సార్లు సమానం కావచ్చని అంచనా కట్టారు. ఆ లెక్కన 500 అంటే మూడు వారాలకు కూడా రాదు. ‘ఉష్ణోగ్రత పరీక్షలో నెగ్గింది’ అని ఏ కంపెనీ అయినా చెప్పుకుంటే ఎన్నిసార్లు ముంచారో అడగడం న్యాయం.

సరుకుల సంగతికొస్తే, అమాల్గం కథ తమాషాగా ఉంటుంది. అది పంటికి అతుక్కోదు, గుంతలో ఇరుక్కుని ఉంటుందంతే. డెంటిన్‌తో పోలిస్తే వేడినీ చలినీ 30 రెట్లకు పైగా లోపలికి మోస్తుంది. కొత్తలో అంచు వెంట కారుతుంది కూడా. కానీ నెలలు గడిచేకొద్దీ అది మెల్లగా తుప్పుపట్టి, ఆ తుప్పే సందులో పేరుకుని దాన్ని పూడ్చేస్తుంది. తన చిల్లును తానే మూసుకునే సిమెంట్ మరొకటి లేదు. పాదరసం వల్ల యూరోపియన్ యూనియన్ 2025 జనవరి 1 నుంచి కొన్ని మినహాయింపులతో దాన్ని ఆపేసింది. మన క్లినిక్కుల్లోనూ వాడకం బాగా తగ్గింది.

కాంపోజిట్ అలా కాదు. దాన్ని పంటికి అతికిస్తారు. ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఎనామిల్‌ను కాస్త గరుకు చేస్తే రెజిన్ గట్టిగా పట్టుకుంటుందని మైకేల్ బునకోర్ 1955లో చూపించాడు. రాఫెల్ బోవెన్ ఆ తర్వాత కొన్నేళ్లకే ఇప్పటి కాంపోజిట్లకు ఆధారమైన రెజిన్‌ను తయారుచేశాడు. అతుకు గట్టిగా ఉంటే చలికి ముడుచుకున్నా సందు పడదు, అతుకు మీద లాగుడు మాత్రం పడుతుంది. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. నీలికాంతి చూపించి గట్టిపరిచే ఆ కాసేపట్లోనే కాంపోజిట్ ఘనపరిమాణం 2 నుంచి 3 శాతం తగ్గిపోతుంది. 30 డిగ్రీల చలికి అది తగ్గేది అర శాతం కూడా కాదు. అంటే మీరు జీవితంలో తాగబోయే చల్లనీళ్ల కంటే కుర్చీలో కూర్చున్న ఆ పది నిమిషాలే ఫిల్లింగ్ ఆయుష్షును ఎక్కువగా నిర్ణయిస్తాయి. డాక్టర్ సిమెంట్‌ను ఒక్కసారే కుక్కేయకుండా 2 మిల్లీమీటర్ల పొరలుగా వేసి, ఒక్కో పొరకూ లైటు పెట్టేది అందుకే. పంటి మీద తడి చేరకుండా రబ్బరు షీటు కట్టేదీ అతుకు కోసమే. నోరు తెరిచి దవడ నొప్పెడుతోందని మనం విసుక్కుంటాం కానీ, ఈ నిదానానికి డబ్బులిచ్చినా తప్పులేదు.

సాగడంలో పంటికి అచ్చంగా జోడీ కుదిరింది గ్లాస్ అయానమర్‌కు. బ్రిటన్‌లో విల్సన్, కెంట్ 1970ల మొదట్లో తెచ్చిన ఈ సిమెంట్ దాదాపు ఎనామిల్‌తో సమానంగా సాగి, ముడుచుకుంటుంది. పాపం, నమిలే ఒత్తిడికి త్వరగా అరిగిపోతుంది.

ఇక పన్ను ‘జివ్వు’మనడం. చాలామంది దీన్ని ఫిల్లింగ్ పోయిందనడానికి గుర్తు అనుకుంటారు. స్వీడన్‌కు చెందిన మార్టిన్ బ్రాన్‌స్ట్రోమ్ 1960ల్లో వివరించినట్టు, డెంటిన్‌లో ఒకటి రెండు మైక్రాన్ల సన్నటి గొట్టాలుంటాయి. చలి తగిలితే వాటిలోని ద్రవం బయటివైపు కదులుతుంది, ఆ కదలిక నరాన్ని మీటుతుంది. కొత్త ఫిల్లింగ్ తర్వాత కొన్నాళ్లు చలికి జివ్వుమని క్షణాల్లో తగ్గిపోతే కంగారు అక్కర్లేదు. వేడి టీ తాగాక నొప్పి నిమిషాల తరబడి సలుపుతూ ఉన్నా, రాత్రి నిద్రలేపినా అది నరం వాచిన లక్షణం, ఆలస్యం చేయకూడదు. రూట్ కెనాల్ చేయించుకున్న పంటికి ఈ హెచ్చరిక కూడా ఉండదు. నరం లేదు కాబట్టి అంచు కారినా తెలియదు. ఏ బాధా లేదు కదా అని ఏళ్ల తరబడి వదిలేసేది సరిగ్గా ఆ పన్నునే.

మరి పెద్దల మాట? సగం నిజం. ఐసు కొరకడం నిజంగానే మానాలి. అందులో చల్లదనం కంటే కొరుకుడు దెబ్బ ఎక్కువ, ఫిల్లింగ్ చుట్టూ పల్చగా మిగిలిన పంటి గోడ విరిగేది అప్పుడే. ఇరానీ టీ వెంట గ్లాసుడు చల్లనీళ్లు తాగినందుకు మాత్రం ఎవరూ దిగులు పడక్కర్లేదు. ఆ టీలో వేడి కంటే చక్కెరకు భయపడాలి, అదీ రోజుకు ఆరుసార్లు తాగేవాళ్లు. కాంపోజిట్లపై జరిగిన అధ్యయనాలను నెదర్లాండ్స్‌కు చెందిన నీక్ ఒప్‌డామ్ బృందం 2014లో ఒకచోట చేర్చి చూస్తే, దవడ పళ్ల ఫిల్లింగులు ఏడాదికి నూటికి సుమారు రెండు చొప్పున పోతున్నట్టు తేలింది. పోవడానికి ముఖ్య కారణాలు అంచు కింద మళ్లీ పుచ్చడం, విరగడం. వేడీ చలీ అంచు దగ్గర దారి తెరిస్తే తెరవొచ్చు. ఆ దారిలో పుచ్చు పుట్టడానికి మేత వేసేది మనమే.

అంచు వెంట గోధుమరంగు గీత కనిపించినా, నాలుకకు గరుకు తగిలినా, పళ్ల సందులు శుభ్రం చేసే దారం ఒకేచోట చిక్కుకుంటున్నా వెళ్లి చూపించుకోవాలి. ఎక్స్‌రేలో పుచ్చు లేదని తేలితే ఉత్త మరకకు ఫిల్లింగ్ తీయనక్కర్లేదు. తీసి మళ్లీ వేసిన ప్రతిసారీ గుంత కొంత పెద్దదవుతుంది, పన్ను కొంత తరుగుతుంది. అందుకే అంచు ఒకచోటే చెడితే అంతవరకే చెక్కి, అతికించి సరిచేయడం ఇప్పుడు దంతవైద్యంలో ఆమోదం పొందిన పద్ధతి. ‘మొత్తం మార్చాలి’ అని డాక్టర్ అంటే, అంచు మరమ్మతుతో సరిపోతుందేమో అడిగి చూడండి.