నీళ్ల మీద సంసారం

పడవ అనగానే మనకు విహారమే గుర్తొస్తుంది. 1973లో వచ్చిన 'అందాల రాముడు' సినిమా చూసినవాళ్లకు గోదావరి ప్రయాణం, అందులోని సందడి కళ్లముందు మెదులుతాయి. మరి ఆ పడవే ఇల్లయితే? పొయ్యి, పడక, పసిపిల్లలు, ఉప్పు పప్పు డబ్బాలు అన్నీ అందులోనే సర్దుకోవాలంటే?

మా ధర్మపురి మీదుగా పోయే గోదావరి చివరికి ధవళేశ్వరం చేరుతుంది. అక్కడ కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కాలువలు పొలాలకే కాదు, పడవలకు కూడా దారి అయ్యాయి. ఎత్తుపల్లాలున్న చోట లాకులు కట్టారు. లాకు అంటే ముందూ వెనకా తలుపులున్న నీటి గది అనుకోండి. పడవ లోపలికి రాగానే తలుపు మూసి నీళ్లు నింపితే పడవ పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. అప్పుడు రెండో తలుపు తీస్తారు. అంతే!

ధాన్యం, ఉప్పు, కట్టెలు ఈ పడవల్లోనే పోయేవి. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగేవారు. ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ వంటివన్నీ కలిసి కాకినాడ నుంచి మద్రాసు దాకా నీటిదారి. రోజుల తరబడి ప్రయాణం కనుక వంటా, నిద్రా పడవలోనే. రైళ్లు, లారీలు వచ్చాక ఆ పడవలు మూలబడ్డాయి.

ఇంగ్లండులోనూ ఇదే కథ. అక్కడి సన్నపడవల వెడల్పు ఏడడుగులే. రైళ్ల పోటీతో సంపాదన తగ్గేసరికి, కూలి మనిషిని పెట్టుకోలేక చాలామంది పడవవాళ్లు భార్యాపిల్లల్ని పడవెక్కించారు. సరుకు పోగా మిగిలింది పదడుగుల గది. పగలు బల్ల, రాత్రికి అదే పడక. ఇల్లాలు ఒక చేత్తో చుక్కాని పట్టి, ఇంకో చేత్తో కూర తరిగేది. పసివాళ్లు నీళ్లలో పడకుండా తాడుతో కట్టేసేవాళ్లు. జీతం మాత్రం మొగుడి చేతికే! పిల్లల చదువు కోసం, ఇరుకు తగ్గించడం కోసం 1877లో, 1884లో చట్టాలు చేయాల్సివచ్చింది.

ఇప్పుడక్కడ చాలామంది ఈ పడవల్ని ఇళ్లుగా మార్చుకున్నారు. గ్యాసు పొయ్యి, చలికి కట్టెల పొయ్యి ఉంటాయి. నీళ్లు మాత్రం తొట్టిలో పట్టుకున్నవే, అందుకే గిన్నెలు కడిగేటప్పుడు కూడా లెక్క చూసుకుంటారు. సొంత చోటు లేనివాళ్లు ఒకేచోట పద్నాలుగు రోజులకు మించి ఆగకూడదు. అందువల్ల బడికీ, ఆస్పత్రికీ ఏ చిరునామా చెప్పాలన్నదే వాళ్ల బాధ.

ఆ బాధ మనదగ్గరా ఉంది. గోదావరి కింది ప్రాంతాల్లో చేపలవేటతో బతికే కొన్ని కుటుంబాలు పడవ మీదే కాపురముంటాయి. చేపలు ఎటుంటే అటే పడవ. ఇంటి నంబరు లేని తల్లికి రేషను కార్డు దగ్గర నుంచి అన్నీ చిక్కే. అన్నిటికంటే పెద్ద చిక్కు పిల్లల చదువు. బడి గట్టున, తల్లీతండ్రీ నీళ్లమీద!

ఈసారి రైల్లో రాజమండ్రి వంతెన దాటేటప్పుడు కింద పడవలోంచి పొగ లేస్తే చూడండి. అక్కడొక ఇల్లాలు మనలాగే అన్నం వండుతూ ఉండొచ్చు. ఆమె పిల్లల పేర్లు కూడా ఏదో ఒక బడి హాజరుపట్టీలో ఉండాలి కదా!