మందుల డబ్బాకూ తాళం వేయండి

పెళ్లికో, పండుగకో ఊరు వెళ్లేటప్పుడు బీరువా తాళం రెండుసార్లు లాగి చూసుకుంటాం. అదే ఇంట్లో నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు మాత్రం టీవీ పక్కనే అందరికీ అందేలా ఉంటాయి. రోగిని డిశ్చార్జి చేయించుకుని వెళ్లే ప్రతి కుటుంబం ఈ విషయం తెలుసుకోవాలి.

ఆపరేషన్ తర్వాత నొప్పికి ఇచ్చే ట్రమడాల్‌ను దుర్వినియోగం పెరగడంతో 2018లో కేంద్ర ప్రభుత్వం మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది. ఆందోళనకు, నిద్రకు ఇచ్చే ఆల్‌ప్రజోలం కూడా ఆ చట్టం కిందే ఉంది. డాక్టరు చెప్పిన మోతాదులో ఇవి మందులే. ఆ మోతాదు దాటితే, లేదా వేరొకరు వాడితే, అలవాటుగా మారి ప్రాణం మీదికి తెస్తాయి.

ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తలు:
1. ఈ మాత్రలను తాళం వేసిన పెట్టెలో ఉంచి, ఒక్కరే ఇవ్వాలి. రోజూ లెక్క చూడాలి.
2. మిగిలిన మాత్రలను దాచవద్దు. ఎలా పారవేయాలో మందుల షాపులో అడగండి.
3. ఊరు వెళ్లేటప్పుడు పక్కింటివారికి, పోలీస్ స్టేషన్‌లో చెప్పి వెళ్లండి. పామాయిల్ తోటల్లో విడిగా ఉండే ఇళ్లవారికి ఇది మరీ అవసరం.

గమనించవలసిన గుర్తులు:
- గంజాయి: ఎర్రబడిన కళ్లు, ఆరిపోయే నోరు, అతి ఆకలి, చదువు మీద, పని మీద ఆసక్తి లేకపోవడం.
- నొప్పి మాత్రలు: కంటిపాప చిన్నదవడం, కునికిపాట్లు, దురద, మలబద్ధకం.
- నిద్ర మాత్రలు: మాట ముద్దగా రావడం, నడక తూలడం, మతిమరుపు.

డబ్బు, ఇత్తడి సామాను, సెల్‌ఫోన్ వంటివి ఒక్కొక్కటిగా మాయమవుతుంటే వెంటనే పనిమనిషిని నిందించకండి. తాళం పగలలేదంటే ముందు ఇంట్లోవారి గురించి నెమ్మదిగా ఆలోచించండి. అలాగని ఒక్క గుర్తు చూసి పిల్లవాడిని దోషిని చేయకూడదు. దిగులు, షుగరు, నిద్రలేమి వల్ల కూడా మనిషి మారిపోతాడు. అసలు కారణం డాక్టరు తేల్చాలి.

కొట్టడం, గదిలో బంధించడం, పరువు పోతుందని దాచడం వల్ల రోగం ముదురుతుంది. మత్తు దిగాక, మంచి సమయం చూసి ఒంటరిగా మాట్లాడండి. ఎక్కువ రోజులు వాడిన నిద్ర మాత్రలను, మద్యాన్ని ఒక్కసారిగా మానిపించకండి. మూర్ఛ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి.

పిలిచినా పలకకపోతే, శ్వాస బాగా నెమ్మదిస్తే, పెదవులు నీలంగా మారితే పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి. నోట్లో నీళ్లు, మజ్జిగ పోయవద్దు. ఏ మాత్రలు మింగాడో ఆ అట్టలు వెంట తీసుకురండి.

కేసు పెడతారనే భయంతో చాలామంది ఆసుపత్రికి రారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే ఒక వెసులుబాటు ఉంది: మత్తుకు బానిసైనవారు ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన కేంద్రంలో స్వచ్ఛందంగా చేరి చికిత్స పూర్తి చేసుకుంటే, వాడకానికి, కొద్ది పరిమాణానికి సంబంధించిన కేసుల నుంచి రక్షణ లభిస్తుంది. అమ్మేవారికి ఇది వర్తించదు.

సలహాకు జాతీయ సహాయ నంబరు 14446. అమ్మకాలు, రవాణా గురించి తెలిస్తే మన రాష్ట్రంలో 2024లో ఏర్పడిన ఈగల్ విభాగానికి 1972 నంబరులో చెప్పవచ్చు.

దొంగ పోయాక తాళం వేసి లాభం లేదు. ఈ రోజే ఇంట్లో మాత్రలు లెక్కపెట్టండి.