మనిషికి తెరుచుకోవాలి, పొగకు మూసుకోవాలి

బట్టల షోరూములు, కోచింగ్ సెంటర్లు, ఆసుపత్రులు ఒకే కప్పు కింద ఉండే వాణిజ్య భవనాల్లో ముఖద్వారానికి చూపే శ్రద్ధలో పదోవంతు కూడా వెనక మెట్లవైపు తలుపుకు దక్కదు. ముందు నిలువెత్తు గాజు వస్తుంది. వెనక మాత్రం మిగిలిన డబ్బుతో ఏది వస్తే అది బిగిస్తారు. అగ్నిప్రమాదం జరిగినప్పుడు ప్రాణాలు ఆధారపడేది ఆ వెనక తలుపు మీదే. పరిగెత్తుకొచ్చిన మనిషికి అది తక్షణం తెరుచుకోవాలి, వెనకే వచ్చే పొగను, మంటను గంటో రెండు గంటలో ఆపాలి. ఈ రెండు పనులూ చేసే తలుపును దాని గట్టితనం చూసి ఎంచుకోలేం.

గట్టి తలుపు అనగానే మనకు ఇనుము గుర్తొస్తుంది. ఉక్కు మండదు, నిజమే. కానీ వేడిని చాలా త్వరగా అవతలికి దాటిస్తుంది. తలుపుల్ని పరీక్షించే కొలిమిలో ఉష్ణోగ్రతను ఒక ప్రామాణిక లెక్క ప్రకారం పెంచుతారు. అయిదు నిమిషాలకు 576 డిగ్రీల సెల్సియస్, అరగంటకు 842, గంటకు 945. దాదాపు 550-600 డిగ్రీల దగ్గరే ఉక్కు తన బలంలో సుమారు సగం పోగొట్టుకుంటుంది. అంతకుముందే ఇంకో చిక్కు మొదలవుతుంది. రెండు మీటర్ల ఉక్కు రేకు 500 డిగ్రీలు వేడెక్కితే సుమారు 12 మిల్లీమీటర్లు సాగుతుంది. మంటవైపు రేకు సాగి, అవతలి రేకు చల్లగానే ఉంటే తలుపు రెక్క విల్లులా వంగుతుంది. మూలల దగ్గర సందు పడి, పొగ అక్కడి నుంచే దూరుతుంది.

అందుకే మంచి అగ్నినిరోధక ఉక్కు తలుపులో అసలు విలువ రెండు రేకుల మధ్య నింపిన పదార్థానిది. రాక్‌వూల్ వెయ్యి డిగ్రీలను కూడా తట్టుకుంటుంది. జిప్సమ్ పలకది మరో రకం సాయం. జిప్సమ్ బరువులో అయిదో వంతు స్ఫటికాల్లో బంధించి ఉన్న నీరే. వేడి తగలగానే ఆ నీరు ఆవిరవుతూ వేడిని మింగేస్తుంది. నీరంతా పోయేదాకా తలుపు అవతలి వైపు వంద డిగ్రీల చుట్టుపక్కలే ఆగుతుంది. నింపుడు లేని ఒట్టి రేకు తలుపు మంటను ఆపినా, ఎర్రగా కాలి, దాని పక్కగా మెట్లు దిగేవాళ్ల ఒళ్లు కాలుస్తుంది. వేడిని కూడా ఆపుతుందని ధ్రువీకరించే తలుపు పరీక్షలో అవతలి వైపు సగటు ఉష్ణోగ్రత 140 డిగ్రీలకు మించి పెరగకూడదు.

చెక్క విషయంలో చాలామంది అంచనా తలకిందులవుతుంది. చెక్క మండుతుంది, కానీ ఒక పద్ధతిగా మండుతుంది. పైన బొగ్గు పొర కట్టి, ఆ పొరే లోపలి చెక్కకు వేడి తగలకుండా కాపు కాస్తుంది. నిమిషానికి ముప్పావు మిల్లీమీటరు కన్నా తక్కువే తరిగిపోతుంది. బ్రిటన్‌లో అరగంట ఆగే చెక్క తలుపులు సాధారణంగా 44 మిల్లీమీటర్ల మందంతో, గంట ఆగేవి 54 మిల్లీమీటర్లతో వస్తాయి. ఇది నిండు చెక్క సంగతి. పైన నాజూకు వెనీర్, లోపల బోలు ఉండే చౌక ఫ్లష్ డోర్‌ను ఆ లెక్కలో కలపకూడదు. ఇక అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. పీవీసీ 80 డిగ్రీల ప్రాంతంలోనే మెత్తబడి, కాలితే ఊపిరితిత్తుల్ని మండించే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును వదులుతుంది. స్నానాలగదికి పనికొచ్చే ఆ తలుపును మెట్లదారికి పెట్టకూడదు. టఫెన్డ్ గాజు దెబ్బకు గట్టిదే కానీ, మంటను ఆపడానికి చేసింది కాదు. దానికోసం పొరల మధ్య జెల్ నింపిన ప్రత్యేక గాజు ఉంది. వేడికి ఆ జెల్ నురగలా పొంగి తెల్లబడి, అడ్డుగోడ అవుతుంది.

రెక్క ఎంత మంచిదైనా చుట్టూ సందు తప్పదు. సందు లేకపోతే తలుపు కదలదు. ఆ సందులో పెట్టే పట్టీ సుమారు 200 డిగ్రీల దగ్గర పొంగి దారి మూస్తుంది. అయితే పొగ అంత వేడెక్కక ముందే వస్తుంది కాబట్టి, దాన్ని ఆపడానికి రబ్బరు లేదా కుచ్చు అంచు విడిగా ఉండాలి. దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌ అగ్నిప్రమాదంలో చనిపోయిన ఆరుగురు యువతీయువకుల ప్రాణాలు తీసింది పొగే.

తెరుచుకోవడం దగ్గరికి వస్తే, ఆ పాఠం చాలా ఖరీదుకు నేర్చుకున్నది. 1883 జూన్‌లో ఇంగ్లండ్‌లోని సండర్లాండ్ విక్టోరియా హాల్లో, మెట్ల అడుగున ఒక్కొక్కరే పట్టేలా బోల్టు వేసిన తలుపు దగ్గర తొక్కిసలాటలో 183 మంది పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత 1892లో రాబర్ట్ అలెగ్జాండర్ బ్రిగ్స్ నెడితే తెరుచుకునే గడియకు పేటెంట్ తీసుకున్నాడు. 1903 డిసెంబర్ 30న షికాగో ఇరాక్వాయ్ థియేటర్లో 600 మందికి పైగా చనిపోయారు. కొన్ని తలుపులు లోపలికి తెరుచుకునేవి, కొన్నింటి గడియ ఎలా తియ్యాలో జనానికి తెలియలేదు. ఆ రోజు ఆటకు వెళ్లాల్సి ఉండి పనిమీద ఆగిపోయిన కార్ల్ ప్రింజ్లర్, ఆర్కిటెక్ట్ హెన్రీ డ్యుపాంట్‌తో కలిసి తయారుచేసిన పానిక్ బార్ 1908లో అమ్మకానికి వచ్చింది.

లోపలికి తెరుచుకునే తలుపును తెరవాలంటే ముందున్న మనిషి ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. వెనక నుంచి జనం తోసుకొస్తుంటే ఆ అడుగుకు చోటుండదు. పానిక్ బార్ ఆ తోపునే వాడుకుంటుంది. నడుము ఎత్తున తలుపు వెడల్పునా అడ్డంగా ఉన్న కడ్డీని నొక్కగానే గడియ నాలుక వెనక్కి జారుతుంది. చేతులతో పనిలేదు. బిడ్డను ఎత్తుకున్న తల్లి తుంటితో ఆనినా చాలు. మన జాతీయ భవన నిర్మాణ నియమావళి కూడా అత్యవసర ద్వారం బయటివైపు తెరుచుకోవాలనీ, లోపలివాళ్లకు తాళంచెవి అవసరం పడకూడదనీ చెబుతుంది. తిరిగే తలుపులనూ, జారే తలుపులనూ ఆ పనికి ఒప్పుకోదు. ఆఫీసుల్లో కార్డు చూపిస్తే తెరుచుకునే అయస్కాంత తాళాలు పెడితే, కరెంటు పోగానే అవి వదిలేసే రకమే అయ్యుండాలి.

ఎత్తైన భవనాల్లో మెట్లదారిలోకి ఫ్యాన్లతో గాలి నింపి పొగను బయటే ఆపుతారు. అక్కడి పీడనం సుమారు 50 పాస్కల్స్. మీటరు వెడల్పు, రెండు మీటర్ల ఎత్తున్న తలుపు మీద అది 100 న్యూటన్లు, అంటే పది కిలోల బరువంత. బందులకు దూరంగా అంచున తోస్తే అందులో సగం చాలు, కానీ తలుపును దానంతట అదే మూసే క్లోజర్ బిగువు కూడా దానికి తోడవుతుంది. క్లోజర్‌ను మరీ బిగిస్తే ముసలివాళ్లు తెరవలేరు, మరీ వదులు చేస్తే తలుపు పూర్తిగా మూసుకోదు.

రోజంతా జనం తిరిగే చోట తలుపు కన్నా ముందు అరిగేవి బందులు, క్లోజర్. వాటికి పెట్టే ఖర్చు తగ్గించుకోవద్దు. విశాఖలాంటి సముద్రతీర నగరంలో స్టెయిన్‌లెస్ స్టీల్ సామాను 304 రకం బదులు మాలిబ్డినమ్ కలిసిన 316 రకం అయితే ఉప్పుగాలికి బాగా ఆగుతుంది. చెక్క వానాకాలంలో అడ్డంగా ఉబ్బుతుంది. అంచుల్ని బాగా సీల్ చెయ్యకపోతే తలుపు ద్వారబంధంలో బిగుసుకుపోతుంది.

ఇన్ని చేసి, గాలి ఆడటం లేదని ఆ తలుపు కింద ఇటుకముక్క పెడితే దాని నిరోధం సున్నా. తెరిచే ఉంచాలనుకుంటే ఫైర్ అలారం మోగగానే వదిలేసే అయస్కాంత పట్టీలు దొరుకుతాయి. రెక్క, ద్వారబంధం, బందులు, గడియ అన్నీ కలిపి పరీక్షించిన జతనే కొనాలి. తర్వాత దానికి కొత్త గొళ్ళెం కోసం రంధ్రం వేసినా ఆ పరీక్ష లెక్కకు రాదు. మీ భవనంలో మెట్లవైపు తలుపును సగం తెరిచి చెయ్యి వదలండి. దానంతట అదే వెనక్కి వచ్చి గడియ టక్కున పడాలి. పడకపోతే మెయింటెనెన్స్ వాళ్లను పిలిచి, క్లోజర్ స్క్రూ సరిచేసేదాకా అక్కడే నిలబడండి.