జాంగో మోడల్స్‌లో సెట్టింగ్స్ ఎలా చదవాలి?

ఈరోజు జాంగోలో చిన్నదే కానీ డబ్బులతో ముడిపడిన విషయం మాట్లాడదాం. మీ యాప్‌లో ఫ్రీ ట్రయల్ 7 రోజులు అనుకోండి. ఆ 7ని, పేమెంట్ కీని సెట్టింగ్స్‌లో పెట్టారు. మరి మోడల్ కోడ్‌లోకి వాటిని ఎలా తెచ్చుకోవాలి?

చాలామంది తమ ప్రాజెక్ట్ సెట్టింగ్స్ ఫైల్‌నే నేరుగా ఇంపోర్ట్ చేసేస్తారు. పని చేస్తుంది, చిక్కంతా అదే! లైవ్‌కి ఒక ఫైల్, టెస్టింగ్‌కి ఇంకో ఫైల్ ఉంటే, ఏది వాడాలో జాంగోకి చెప్పేది 'జాంగో సెట్టింగ్స్ మాడ్యూల్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. మీరు లైవ్ ఫైల్‌ని పేరు పెట్టి పిలిస్తే ఇక దాన్ని అడిగేవాళ్లే ఉండరు. ల్యాప్‌టాప్‌లో ఊరికే ట్రై చేసిన పేమెంట్ లైవ్ కీతో వెళ్లిపోవచ్చు, నిజంగానే డబ్బు కట్ అవ్వచ్చు.

అందుకే 'ఫ్రమ్ జాంగో డాట్ కాన్ఫ్ ఇంపోర్ట్ సెట్టింగ్స్' అని రాయండి. ఇది ఫైల్ కాదండి, ఒక ఆబ్జెక్ట్. మనం మొదటిసారి ఏదైనా అడిగినప్పుడు ఆ వేరియబుల్ చూసి సరైన ఫైల్ లోడ్ చేస్తుంది. పేర్లు మాత్రం క్యాపిటల్ లెటర్స్‌లోనే ఉండాలి.

మరి ఎక్కడ చదవాలి? నేనైతే మెథడ్ లోపలే చదువుతాను. మోడల్ ఫైల్ పైభాగంలో ఒక వేరియబుల్‌లోకి తీసి పెట్టుకుంటే, ఫైల్ లోడైనప్పటి 7 అక్కడే ఉండిపోతుంది. తర్వాత టెస్ట్‌లో 'ఓవర్‌రైడ్ సెట్టింగ్స్' పెట్టి 1 అన్నా సరే, మీ కోడ్ 7 అనే అంటుంది.

ఇంకో చోట కూడా జాగ్రత్త, ఫీల్డ్ డిఫాల్ట్. అక్కడ నేరుగా సెట్టింగ్ రాస్తే మైగ్రేషన్ ఫైల్‌లో 7 అనే అంకె పడిపోతుంది. రేపు దాన్ని 14 చేస్తే 'మేక్ మైగ్రేషన్స్' ఇంకో మైగ్రేషన్ తయారు చేస్తుంది. దాని బదులు సెట్టింగ్‌ని చదివి ఇచ్చే చిన్న ఫంక్షన్ రాసి, డిఫాల్ట్‌కి దాని పేరు ఇవ్వండి, పక్కన బ్రాకెట్లు పెట్టకుండా. అప్పుడు మైగ్రేషన్‌లో ఫంక్షన్ పేరే ఉంటుంది, డిఫాల్ట్ కావాల్సిన ప్రతిసారీ జాంగో దాన్ని పిలుస్తుంది. కాకపోతే ఆ ఫంక్షన్‌ని తర్వాత డిలీట్ చేయకండి, పాత మైగ్రేషన్లు దాన్ని వెతుక్కుంటాయి.

దీనికి ఒక మినహాయింపు ఉంది, 'ఆథ్ యూజర్ మోడల్'. ఫారిన్ కీలో దాన్ని క్లాస్‌లోనే నేరుగా రాయాలి. మైగ్రేషన్‌లో కూడా జాంగో దాన్ని సెట్టింగ్ పేరుతోనే రాసుకుంటుంది, ఫంక్షన్ అవసరం లేదు.